బాన్, సొర్లగొంది, సిరిసిల్ల

కృష్ణా నది సముద్రంలో కలిసే మొగ దగ్గర మడ అడవి బతకాలంటే పోటు నీళ్లు లోపలికి రావాలి, వచ్చినంత సులువుగా వెనక్కి పోవాలి. వచ్చిన నీళ్లకు పోయే దారి లేకపోతే అవి పల్లంలో నిలిచిపోతాయి. ఎండకు నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. ఏడాదికేడాది అది పేరుకుని, సముద్రాన్ని మించిన ఉప్పదనం ఆ నేలకు పడుతుంది. ఉప్పును తట్టుకునేందుకే పుట్టిన తెల్లమడ కూడా ఇక అక్కడ మొలవదు. ఒకప్పుడు కలప కోసం కూపుల లెక్కన నరికేసిన మడ అడవుల్లో జరిగింది ఇదే. చెట్ల నీడ పోయింది, నేల ఎండి కుంగింది, మధ్యభాగం అంచుల కన్నా కిందికి దిగింది. ఆ తరువాత ఎన్ని మొక్కలు నాటినా దక్కలేదు.

దీనికి ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు తమిళనాడులోని పిచ్చావరంలో 1990లలో ఒక కాలువల అమరికను రూపొందించారు. తరువాత దాన్ని కృష్ణా, గోదావరి మొగలకూ తెచ్చారు. సహజంగా ఉన్న పాయ నుంచి పెద్ద కాలువ ఒకటి ఏటవాలుగా తీస్తారు. దానికి రెండు పక్కలా, మళ్లీ ఏటవాలుగానే, పిల్లకాలువలు తీస్తారు. పైనుంచి చూస్తే చేప ముల్లు ఆకారం, అందుకే వీటిని చేప ముల్లు కాలువలు అంటారు. నీళ్లు ఎక్కడా తట్టుకోకుండా సాఫీగా ఎక్కి దిగాలి గనుక ఆ ఏటవాలు. కాలువ కోత పైన వెడల్పుగా, అడుగున ఇరుకుగా ఉంటుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది మొక్క నాటే చోటు. గట్టు మీద నాటితే ఎండిపోతుంది, అడుగున నాటితే మునిగి చస్తుంది. కాబట్టి కాలువ వాలు మీద, పోటు నీళ్లు తడిపి పోయే మట్టం చూసి అక్కడ నాటుతారు. ఆ మట్టం జానెడు తప్పినా పని చెడుతుంది. కాలువలో ఒండ్రు పేరుకుంటే నీళ్లు మళ్లీ నిలుస్తాయి కాబట్టి పూడిక తీస్తూ ఉండాలి. అంటే ఒకసారి తవ్వి ఫొటో తీసుకుని పోయే పని కాదు. ఊళ్లో ఎవరో ఒకరు దాన్ని కనిపెట్టుకుని ఉండాలి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పాఠకుడికి మడ అడవితో పని లేదు. సముద్రం మనకు మూడు నాలుగు వందల కిలోమీటర్ల దూరం. అయినా ఈ కథ మనం తెలుసుకోవాలి. నాగాయలంక మండలం సొర్లగొంది చుట్టుపక్కల ఇటువంటి పనికి 2014 అక్టోబరులో మంజూరైన డబ్బు 6,89,264 డాలర్లు. అప్పటి లెక్కన నాలుగు కోట్ల రూపాయల పైచిలుకు. అంతర్జాతీయ నిధుల లోకంలో ఇది చిల్లర కిందే లెక్క. అయితే ఆ డబ్బు వచ్చిన దారి కొత్తది. మధ్యలో ప్రపంచ బ్యాంకు ప్రాజెక్టు ఆఫీసు గానీ, ఐక్యరాజ్యసమితి సంస్థ గానీ కూర్చోలేదు. వాతావరణ మార్పును తట్టుకునే పనులకు డబ్బిచ్చే అడాప్టేషన్ ఫండ్ బోర్డు మంజూరు చేసింది, నాబార్డు తన పూచీ మీద తీసుకుంది, స్వామినాథన్ ఫౌండేషన్ ఊళ్లో పని చేసింది. వాతావరణ నిధుల వాళ్లు దీన్నే డైరెక్ట్ యాక్సెస్ అంటారు. తెలుగు నేల మీద ఆ దారిన వచ్చిన డబ్బుకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించలేదు.

సొర్లగొందికి ఆ డబ్బు ఎందుకో వివరించనక్కరలేదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో సుమారు 10 వేల మంది పోయారు. ఆ ఉప్పెన నోట పడ్డ ఊళ్లలో సొర్లగొంది ఒకటి. ఇప్పుడు సముద్రం మట్టం పెరుగుతోంది, ఉప్పు లోపలికి జరుగుతోంది, వదిలేసిన రొయ్యల చెరువులు ఉప్పుపట్టి పడి ఉన్నాయి. ప్రాజెక్టులో ముఖ్యమైన పనులు రెండు. క్షీణించిన మడను తిరిగి పెంచడం ఒకటి. మడను, చేపను ఒకే చెరువులో కలిపి సాగు చేయడం రెండోది. చెరువు లోపలి గట్ల మీద మడ మొక్కలుంటాయి, నీళ్లలో పండుగప్ప లాంటి చేపలు, పీతలు పెరుగుతాయి. నీళ్లు మార్చడానికి ఇంజన్లు అక్కరలేదు, ఆటుపోట్లే ఆ పని చేస్తాయి. చేప మీద ఆదాయం ఉన్నంతకాలం రైతు గట్టు మీది చెట్టును నరకడు.

ఇక డబ్బు దారిని దగ్గరగా చూద్దాం. నా ఉద్దేశంలో ఈ కథలో అసలు పనితనం అక్కడే ఉంది.

అడాప్టేషన్ ఫండ్ పుట్టింది క్యోటో ఒప్పందం కింద. 2001లో మరకేష్‌లో అంగీకారం కుదిరింది, 2007లో బాలిలో బోర్డు ఏర్పడింది. దాని తొలి ఆదాయ వనరును ఎవరు తలచారో గానీ చక్కగా తలచారు. పేద దేశాల్లో కాలుష్యం తగ్గించే ప్రాజెక్టులకు వచ్చే కార్బన్ క్రెడిట్లలో ప్రతి నూటికి రెండు ఈ నిధికి పోయేవి. ధనిక దేశాల బడ్జెట్ల కోసం ప్రతి ఏడూ ఎవరినీ అడుక్కోవలసిన పని ఉండేది కాదు. ఆ క్రెడిట్లు ఎక్కువగా పుట్టించిన దేశాల్లో చైనా తరువాత మన దేశమే. అంటే ఆ దారిన నిధిలో చేరిన డబ్బులో మన ప్రాజెక్టుల చెమట కొంత కలిసే ఉంది. ఇది ఎవరో పెట్టిన భిక్ష కాదని పేద దేశాలు గట్టిగా వాదించగలిగాయంటే ఆ రెండు శాతం బలం వల్లే. 2012 తరువాత క్రెడిట్ల ధర యూరో కన్నా కిందికి పడిపోయి, ఫండ్ మళ్లీ దాతల వైపు చూడాల్సి వచ్చింది. అది తీరని నష్టం. కానీ ఈలోగా బోర్డు నియమాలు గట్టిపడి ఉన్నాయి.

ఆ నియమాల్లో మొదటిది కూర్చునే కుర్చీలది. బోర్డులో 16 మంది. ఐక్యరాజ్యసమితి లెక్కలో ఉన్న ఐదు ప్రాంతాలకు ఇద్దరేసి, చిన్న ద్వీప దేశాలకు ఒకరు, బాగా వెనుకబడ్డ దేశాలకు ఒకరు, ధనిక దేశాలకు ఇద్దరు, తక్కిన దేశాలకు ఇద్దరు. కలిపి చూస్తే ఎక్కువ కుర్చీలు డబ్బు అవసరమున్న దేశాలవే. డబ్బిచ్చేవాడు ఎక్కువ ఓట్లతో కూర్చునే ప్రపంచ బ్యాంకు పద్ధతికి ఇది పూర్తిగా వేరు.

రెండోది చట్టం సంగతి. ఈ బోర్డు మన నాబార్డు లాంటి సంస్థతో నేరుగా ఒప్పందం రాసుకోవాలంటే సంతకం పెట్టడానికి దానికి చట్టం గుర్తించిన ఉనికి ఉండాలి. అంతర్జాతీయ సభలో ఏర్పడిన ఒక బోర్డుకు అది ఎక్కడి నుంచి వస్తుంది? జర్మనీ ముందుకొచ్చింది. తన చట్టం కింద 2011లో బోర్డుకు ఆ హక్కు ఇచ్చింది. బోర్డు సమావేశాలు బాన్ నగరంలో జరుగుతాయి. చూడడానికి గుమాస్తా స్థాయి సంగతిలా అనిపిస్తుంది కానీ, ఇది లేకపోతే మధ్యవర్తి ఎప్పటికీ తప్పేవాడు కాదు. ఈ చిన్న మేకును సరిగ్గా కొట్టిన వాళ్లెవరో పేరు ఎక్కడా పెద్ద అక్షరాల్లో కనిపించదు.

మూడోది పరిమితి. 2010 డిసెంబరులో బోర్డు ఒక గీత గీసింది. మొత్తం డబ్బులో పెద్ద అంతర్జాతీయ సంస్థల ద్వారా పోయేది సగం దాటకూడదని తీర్మానించింది. తలుపు తెరిచి ఊరుకుంటే చాలదు. అలవాటైన పెద్ద సంస్థలే ముందు వరుసలో నిలబడి అంతా పట్టుకుపోతాయి. కాబట్టి కొత్తవాళ్ల కోసం సగం చోటు ఖాళీగా అట్టేపెట్టారు. అదే ఏడు సెనెగల్ దేశపు పర్యావరణ పరిశీలనా కేంద్రం ఈ దారిన గుర్తింపు పొందిన మొదటి జాతీయ సంస్థ అయింది. దాని ప్రాజెక్టు కూడా తీరం కోతకు గురవుతున్న ఊళ్లదే.

నాలుగోది రుసుము. ప్రాజెక్టుకు పూచీ పడే సంస్థ తీసుకునే రుసుము 8.5 శాతం మించకూడదు, ఊళ్లో పని చేసే సంస్థ నిర్వహణ ఖర్చు 9.5 శాతం దాటకూడదు. నేరుగా వచ్చిన డబ్బులో ఆ రుసుము కూడా దేశంలోనే ఉంటుంది. విదేశీ సలహాదారుడి విమాన టికెట్టుకు బదులు మన దగ్గరి ఇంజనీరు జీతానికి పోతుంది. పదేళ్లు అలా జరిగితే పని తెలిసిన మనుషులు ఇక్కడే తయారవుతారు.

మరి బోర్డు దేన్ని నమ్మి అంత దూరాన ఉన్న సంస్థ చేతిలో డబ్బు పెడుతుంది? దానికి అక్రెడిటేషన్ అనే పరీక్ష ఉంది. గత ఏళ్ల ఆడిట్ నివేదికలు చూపాలి. లోపలి తనిఖీ ఎవరు చేస్తారు, వాళ్లు ఎవరికి నివేదిస్తారు అన్నది చెప్పాలి. సరుకు కొనేటప్పుడు టెండర్ పద్ధతి ఏమిటి, ఇచ్చిన డబ్బు దారి తప్పితే కనిపెట్టే ఏర్పాటు ఏది, తప్పు చేసిన తన మనిషి మీదే విచారణ జరిపే ధైర్యం సంస్థకు ఉందా, ఊళ్లో ఒక ముసలమ్మ ఫిర్యాదు చేయాలంటే ఎక్కడికి పోవాలి, పని వల్ల ఎవరి భూమికైనా, బతుకుతెరువుకైనా దెబ్బ తగిలితే ముందే చూసుకునే విధానం ఏది, ఆడవాళ్లకు వాటా ఎలా దక్కుతుంది. ప్రతిదానికీ మాటతో సరిపోదు, కాగితం చూపాలి. అదీ నిజంగా అమలైన కాగితమై ఉండాలి. ఐదేళ్లకోసారి మళ్లీ పరీక్ష. దీన్ని చాలామంది అడ్డుగోడ అంటారు. ఆ మాటలో నిజం ఉంది, దాని దగ్గరికి తరువాత వస్తాను. కానీ నేను దీన్ని గౌరవంగానే చూస్తాను. మన చెరువు కింద తూము తెరిచే నీరటికి ఆయకట్టు మొత్తం తాళం అప్పజెప్పేది వాడు ఎవరి మడికి ఎంత విడిచాడో ఊరందరి ముందు చెప్పగలడన్న నమ్మకం మీదే. ఆ నమ్మకాన్ని బాన్‌లో కూర్చున్న బోర్డు కాగితం మీద అడుగుతోంది.

నాబార్డు ఆ పరీక్ష 2012 జూలైలో దాటింది. 1982లో పుట్టిన బ్యాంకు కాబట్టి ఆడిట్లకూ తనిఖీలకూ కొదవ లేదు. అయితే వాన నీటిని ఊరి మనుషుల చేత పట్టించి, దానికి లెక్క చెప్పే పని మాత్రం బ్యాంకు పుస్తకాల్లో నేర్చుకునేది కాదు. ఆ పని అది నేర్చుకున్న బడుల్లో మన జిల్లా ఒకటని నాకు గట్టి అభిప్రాయం. 1992లో మహారాష్ట్రలో మొదలైన ఇండో-జర్మన్ వాటర్‌షెడ్ కార్యక్రమం తరువాత తెలంగాణకు వచ్చినప్పుడు తీసుకున్న నాలుగు జిల్లాలు ఆదిలాబాద్, కరీంనగర్, మెదక్, వరంగల్. నేటి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు అప్పటికి కరీంనగర్‌లోనివే.

ఆ కార్యక్రమం పద్ధతిలో రెండు విషయాలు దగ్గరగా చూడదగ్గవి. ఒకటి, ఊరికి పెద్ద డబ్బు ఒక్కసారిగా రాదు. ముందు ఊళ్లో ఒక చిన్న ముక్క మీద పని ఇస్తారు. కమిటీ కూలి ఎలా చెల్లించింది, మస్టర్ ఎలా రాసింది, తగాదా వస్తే ఎలా తీర్చుకుంది అని చూస్తారు. ఊరు శ్రమదానం కింద తన వంతు పెట్టాలి. అది గెలిచిన ఊరికే మిగతా డబ్బు. రెండోది నెట్ ప్లాన్. ఆఫీసులో పటం ముందేసుకుని గీతలు గీయరు. సర్వే నంబరు నంబరుకూ ఆ పట్టాదారుతో, ఇంటామెతో కలిసి పొలంలో నడుస్తారు. ఇక్కడ ఒడ్డు వేస్తే మీకు నష్టమా, ఇక్కడ రాళ్లకట్ట కావాలా, ఈ మూల చెట్టు పెడతారా అని అడిగి, వాళ్లు ఒప్పుకున్నదే రాస్తారు. గుట్ట మీద మొదలుపెట్టి కిందికి దిగుతారు, ఎందుకంటే పైన నీళ్లు ఆగకపోతే కింద కట్టినవి కొట్టుకుపోతాయి. ఒక ఊరి ప్లాన్ పూర్తయ్యేసరికి ఆ కట్టలో ప్రతి రైతు ఒప్పుదల ఉంటుంది. బాన్ వాళ్లు అడిగిన పర్యావరణ, సామాజిక రక్షణ నియమం అంటే చేతల్లో ఇదే.

మన వైపు దీనికన్నా పాత ఉదాహరణ ఇంకొకటి ఉంది. నేను ఈ వ్యాసం రాయడానికి సగం కారణం అదే. సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం, మనందరి నోట సెస్.

1960లలో అమెరికా నుంచి పీఎల్ 480 అనే ఆహార సాయ చట్టం కింద వచ్చిన గోధుమలకు మన దేశం రూపాయల్లో డబ్బు కట్టేది. ఆ రూపాయలు ఇక్కడే పోగయ్యాయి. వాటిలో ఒక వాటా 1969లో ఏర్పడ్డ గ్రామీణ విద్యుదీకరణ సంస్థకు తొలి పెట్టుబడిగా వచ్చింది. అప్పటికి అమెరికాలో పల్లె రైతులు తామే సంఘాలు పెట్టుకుని కరెంటు తెచ్చుకున్న అనుభవం ఉంది. వాళ్ల జాతీయ సమాఖ్య నుంచి నిపుణులు వచ్చి సలహా ఇచ్చారు. గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ప్రయోగంగా దేశంలో ఐదు చోట్ల సహకార విద్యుత్ సంఘాలకు అప్పు ఇచ్చింది. కర్ణాటకలో హుక్కేరి, గుజరాత్‌లో కోడినార్, మహారాష్ట్రలో మూలా-ప్రవర, ఉత్తరప్రదేశ్‌లో లక్నో, ఐదోది మన సిరిసిల్ల. 1970లో మొదలైంది. తరువాత అనకాపల్లి, చీపురుపల్లి, కుప్పం లాంటి చోట్ల కూడా ఇదే నమూనా వచ్చింది. మూలా-ప్రవర 2011లో పంపిణీ హక్కు కోల్పోయింది. సెస్, హుక్కేరి నడుస్తూనే ఉన్నాయి.

సెస్ పనితనం చూడాలంటే దాని నిర్మాణం చూడాలి. కరెంటు తయారు చేయదు. వరంగల్ కేంద్రంగా ఉన్న ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ దగ్గర టోకుగా కొంటుంది. అక్కడి నుంచి స్తంభం, తీగ, ట్రాన్స్‌ఫార్మర్, మీటర్, బిల్లు అన్నీ సంఘానివే. వాడుకదారుడు సభ్యుడు, సభ్యుడికి ఓటు ఉంది. మండలాల నుంచి డైరెక్టర్లను సభ్యులే ఎన్నుకుంటారు. ఆ ఎన్నికల్లో పార్టీల పోటీ గట్టిగానే ఉంటుంది. అది మంచిదా చెడ్డదా అని వాదించేవాళ్లున్నారు. నాకు మాత్రం కరెంటు ఇచ్చే సంస్థ పాలకులను ఊరి మనిషి ఓటేసి దించగలగడం చిన్న సంగతిగా కనిపించదు. సహకార చట్టం కింద ఆడిట్ ఉంది, విద్యుత్ నియంత్రణ మండలి ముందు లెక్క చెప్పడం ఉంది, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే రైతు పోయి నిలదీసే ఆఫీసు బస్సు దూరంలో ఉంది. సిరిసిల్ల సాంచాలు ఆగకుండా తిరగడానికి, వేములవాడ వైపు బోర్ల కింద పొలాలు ఎండకుండా ఉండడానికి యాభై ఏళ్లకు పైగా ఈ సంఘం పూచీ పడుతోంది. విదేశీ ధాన్యం మీద పోగైన డబ్బు ఒక తాలూకా సంఘం చేతికి చేరి, అప్పుగా లెక్కలోకెక్కి, తీగగా మారి పొలంలోకి వెళ్లింది. డైరెక్ట్ యాక్సెస్ అన్న మాట పుట్టడానికి నలభై ఏళ్ల ముందే దాని సారం సిరిసిల్లలో ఉందని నేనంటాను.

ఇప్పుడు ఆ అడ్డుగోడ సంగతి.

నాబార్డు ద్వారా అడాప్టేషన్ ఫండ్ నుంచి మన దేశానికి ఆరు ప్రాజెక్టులు వచ్చాయి. ఆంధ్ర తీరం ఒకటి. పశ్చిమ బెంగాల్‌లో పురూలియా, బాంకురా రైతులది ఒకటి, మధ్యప్రదేశ్‌లో లోతట్టు చేపల రైతులది ఒకటి, ఉత్తరాఖండ్ కొండలది ఒకటి, తమిళనాడు, రాజస్థాన్ వాటర్‌షెడ్లది ఒకటి, కాన్హా-పెంచ్ అడవుల నడుమ ఊళ్లది ఒకటి. అన్నీ కలిపి దేశానికి పెట్టిన కోటి డాలర్ల పరిమితికి కొద్దిగా లోపు. నూట నలభై కోట్ల మందికి కోటి డాలర్లు. ఆ పరిమితిని 2021లో రెండు కోట్లకు పెంచారు. కొరియాలోని సాంగ్డోలో ఉన్న గ్రీన్ క్లైమేట్ ఫండ్ ఇంకా పెద్దది. అక్కడా నాబార్డుకు 2015లో గుర్తింపు వచ్చింది. 2017లో ఒడిశా చెరువుల్లో భూగర్భ జలం నింపే పనికి 3.4 కోట్ల డాలర్ల పైచిలుకు గ్రాంటు తెచ్చింది. పది వేల చెరువుల్లో నీళ్లు నేలలోకి దిగేలా షాఫ్టులు వేసే పని అది. చెరువుల మీద బతికిన తెలంగాణ మనిషికి ఆ వార్త చదివితే మనసు కలుక్కుమంటుంది. అదే గ్రీన్ ఫండ్ 2018లో ఆంధ్ర, మహారాష్ట్ర, ఒడిశా తీరాలకు 4.3 కోట్ల డాలర్ల పైన మంజూరు చేసింది. ఆ డబ్బు మాత్రం ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ద్వారా, పాత దారిలోనే వచ్చింది. కృష్ణా తీరం ఉన్న ఒకే రాష్ట్రానికి ఒకే దశాబ్దంలో రెండు దారులా డబ్బు రావడం చూస్తే, కొత్త దారి ఇంకా ఎంత సన్నగా ఉందో తెలుస్తుంది.

పరీక్ష పెద్ద బ్యాంకులే దాటగలిగేంత బరువుగా ఉంటే నేరుగా వచ్చేది రాజధాని దాకానే. అక్కడి నుంచి ఊరికి మళ్లీ పాత కథే. 2003 నుంచి 2016 దాకా వాతావరణ నిధుల డబ్బులో ఊరి స్థాయి పనులకు ఉద్దేశించింది పదింట ఒక వంతు కూడా లేదని లండన్ పరిశోధనా సంస్థ ఐఐఈడీ లెక్క తేల్చింది. ఈ తప్పును సరిదిద్దే పనితనం కూడా వేరే చోట్ల కనిపిస్తుంది. దక్షిణాఫ్రికా జీవవైవిధ్య సంస్థ మోపాని, నమక్వా జిల్లాల్లో చిన్న సంఘాలకు చిన్న గ్రాంట్లు ఇచ్చే ఏర్పాటుకు అడాప్టేషన్ ఫండ్ నుంచి 24 లక్షల డాలర్లు తెచ్చుకుంది. ఏ పనికి ఎంత అన్నది అక్కడే తేలుతుంది, బాన్‌కు ప్రతి కాగితం పోదు. నమీబియా పర్యావరణ పెట్టుబడి నిధి 2016లో గ్రీన్ ఫండ్ నుంచి కోటి డాలర్లు తెచ్చి తన ఊరి అటవీ సంఘాలకు పంచింది. చిన్న సంస్థల కోసం అడాప్టేషన్ ఫండ్ తేలిక పరీక్ష ఒకటి పెట్టింది. తక్కువ డబ్బు, తక్కువ కాగితాలు, కానీ లెక్క మాత్రం అంతే గట్టిగా. 2015లో పసిఫిక్ సముద్రంలోని మైక్రోనేషియా ట్రస్టు దాన్ని మొదట దాటింది. అంత చిన్న దీవుల ట్రస్టు దాటగలిగిన పరీక్ష మనకు కొండ కాదు.

మనకు అవసరం లేదా అంటే ఉంది. కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు ఉడికించి ఎండబెట్టే వేళకు వాన పడితే రైతు ఏడాది కష్టం కళ్లెదుటే రంగు మారుతుంది. చైత్రంలో ఒక్క వడగళ్ల వాన జగిత్యాల మామిడి తోటను ఖాళీ చేస్తుంది. వరి కోసి కల్లంలో పోశాక తడిసే ధాన్యం సంగతి చెప్పనే అక్కరలేదు. పరిశోధన చేతిలో ఉంది. పొలాస వ్యవసాయ పరిశోధనా కేంద్రం జగిత్యాల సన్నాలు లాంటి వరి రకాలు ఇచ్చిన చోటు, వాతావరణానికి తట్టుకునే విత్తనం దానికి తెలిసిన పని. తెలంగాణకు జాతీయ అనుకూలన నిధి కింద మహబూబ్‌నగర్‌లో ఒక ప్రాజెక్టు వచ్చింది. అది దేశీయ డబ్బు, మంచిదే. ఉత్తర తెలంగాణ కోసం ఎవరు అడుగుతారన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

నా చూపు మళ్లీ సెస్ మీదికే పోతుంది. సిరిసిల్ల ప్రాంతంలో కనెక్షన్ తీసుకున్న ప్రతి బోరు మోటారు దాని పుస్తకంలో ఉంది. ఎవరి పొలం, ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద, ఎన్ని హార్స్‌పవర్ మోటారు. భూగర్భ జలాన్ని కాపాడే ఏ ప్రాజెక్టుకైనా మొదట కావలసిన జాబితా ఇదే. బయటి సంస్థ వచ్చి సర్వే చేస్తే ఏడాది పడుతుంది. సెస్ లైన్‌మన్‌కు అది నోటికి వచ్చు. సోలార్ మోటారు గానీ, మడి తడి తగ్గించే పద్ధతి గానీ, బోరు పక్క ఇంకుడు గుంట గానీ ఏ పొలంలో పెడితే ఫలితం ఉంటుందో చెప్పగలిగిన పుస్తకం అది.

నాబార్డు పైన పూచీ పడి, సెస్ లాంటి సంఘం కింద పని చేసే అమరిక ఒకటి రాసి పంపితే, అక్రెడిటేషన్ వాళ్లు అడిగే కాగితాల్లో సగం దాని దగ్గర ఇప్పటికే ఉంటాయి. ఆడిట్లు ఉన్నాయి, ఎన్నికల రికార్డు ఉంది, నియంత్రణ మండలికి ఇచ్చిన లెక్కలున్నాయి, సభ్యుల రిజిస్టర్ ఉంది. లేనివి కూడా కొన్ని ఉన్నాయి. పని వల్ల నష్టపోయేవారిని ముందే గుర్తించే విధానం రాయాలి. సభ్యత్వంలో ఆడవాళ్ల పేర్లు ఎన్ని ఉన్నాయో, బోరు ఎవరి పేరు మీద ఉందో, నీళ్లు మోసేది ఎవరో చూసి జెండర్ విధానం రాయాలి. ఫిర్యాదు వస్తే ఎన్ని రోజుల్లో ఎవరు జవాబిస్తారో, ఆ జవాబు నచ్చకపోతే తరువాత ఎవరి దగ్గరికి పోవాలో రాయాలి. ఇవన్నీ సిరిసిల్లలో కూర్చుని తెలుగులో రాసి, మండల సభల్లో చదివి వినిపించి, ఆ తరువాతే ఇంగ్లీషులోకి మార్చి బాన్‌కు పంపవలసిన కాగితాలు.